పులి జాడ ముందు ఊరికి తెలియాలి: అటవీ అధికారులకు, జిల్లా యంత్రాంగానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారాలు.

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అడవి అంచున పత్తి, కంది వేసుకుని, పసులు కాసుకుని బతికే ఊళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాం. ఇందులో కొత్త విషయాలేమీ లేవు. ఇంతకుముందు వినతిపత్రాల్లో రాసి ఇచ్చినవే. ముద్ర వేసి తీసుకున్నారు, జవాబు మాత్రం రాలేదు. ఏ కార్యాలయం, ఏ అధికారి అన్నది ఇక్కడ రాయడం లేదు. ఒక్క ఉద్యోగిని నిలదీస్తే తీరిపోయే సంగతి కాదిది. పత్తి పగిలే రోజులు దగ్గరికొస్తున్నాయి కాబట్టి ఈసారి అందరి ముందూ పెడుతున్నాం.

పత్తి కాలాన్ని ఎందుకు గుర్తుచేస్తున్నామో చూడండి. 2020 నవంబరు 11న దహెగాం మండలం దిగిడలో ఒక యువకుడు పులి దాడిలో చనిపోయాడు. అదే నెల 29న పెంచికల్‌పేట్ మండలం కొండపల్లిలో పత్తి ఏరుతున్న అమ్మాయి చనిపోయింది. 2022 నవంబరులో వాంకిడి మండలంలో చేనులో ఉన్న పెద్దాయన. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలం గన్నారంలో పత్తి ఏరడానికి వెళ్లిన 21 ఏళ్ల ఆడబిడ్డ. మర్నాడే సిర్పూర్ (టి) మండలం దుబ్బగూడ దగ్గర ఒక రైతు గాయాలతో బయటపడ్డాడు. అన్నీ నవంబరులోనే. వానలు వెనకబట్టి గడ్డి నిలువెత్తు పెరిగి ఉంటుంది, పత్తి రొమ్ము ఎత్తు ఉంటుంది, పక్కన కంది అంతకన్నా ఎత్తు ఉంటుంది. ఆ సాళ్లలో మనుషులు పొద్దస్తమానం నడుం వంచి ఉంటారు. ఈ సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. తెలిసి కూడా ప్రతి ఏడూ దాడి జరిగాకే కదలడం మాకు మింగుడుపడటం లేదు.

పులి మా అడవిలో ఉండకూడదని మేం అనడం లేదు. ఇది మొదటే చెబుతున్నాం, ఎందుకంటే మాట్లాడిన ప్రతిసారీ మమ్మల్ని పులికి పగవాళ్ల లెక్కన చూస్తున్నారు.

పులులు వచ్చిన దారి కూడా మాకు తెలుసు. కాగజ్‌నగర్ డివిజన్ అడవులు 2012లో ప్రకటించిన కవ్వాల్ టైగర్ రిజర్వులో లేవు. మహారాష్ట్రలోని తాడోబాకు, కవ్వాల్‌కు నడుమ ఉన్న దారి మాది. 2018 లెక్కలో మహారాష్ట్రలో 312 పులులుంటే 2022 నాటికి 444 అయ్యాయి. అదే నాలుగేళ్లలో తెలంగాణ లెక్క 26 నుంచి 21కి దిగింది. మహారాష్ట్రలో చోటు చాలని కుర్ర పులులు ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో తల్లిని వదిలి వార్ధా, పెన్‌గంగ, ప్రాణహిత దాటి ఇటు వస్తున్నాయి. 2019లో మహారాష్ట్రలోని టిపేశ్వర్ అభయారణ్యం నుంచి మెడలో రేడియో కాలరుతో బయలుదేరిన మగపులి మన ఆదిలాబాద్ వైపు నుంచి కూడా తిరిగి, వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచి బుల్దానా జిల్లాలోని జ్ఞానగంగ అడవికి చేరింది. 2024 అక్టోబరు, నవంబరుల్లో జోడు కోసం మహారాష్ట్రలోని కిన్వట్ వైపు నుంచి వచ్చి నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాల్లో వందల కిలోమీటర్లు తిరిగిన మగపులి సంగతి పేపర్లన్నీ రాశాయి. నడిచే పులికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయినా ఊళ్లలో ఇంకో మాట తిరుగుతోంది. శాఖ వాళ్లే పులుల్ని లారీల్లో తెచ్చి వదిలారని, పోడు భూముల నుంచి మనల్ని లేపడానికే ఇదంతా అని. మేం దాన్ని నమ్మం. కానీ నమ్మేవాళ్లను తప్పుపట్టలేకపోతున్నాం. మీ దగ్గర ఉన్న సమాచారం ఊరికి రాకపోతే ఆ ఖాళీలో పుకారే కూర్చుంటుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ డివిజన్ దరిగాం అడవిలో పులి చచ్చి కనబడితే, హద్దు కోసం రెండు పులులు కొట్లాడుకున్నాయని మొదట చెప్పారు. రెండు రోజులకే రెండో పులి శవం దొరికింది. చివరికి తేలింది పశువు కళేబరం మీద పురుగుమందు. అరెస్టులు కూడా అయ్యాయి. మొదటి మాట చెప్పేనాటికి పరీక్షలు పూర్తికాలేదని మాకు అర్థమవుతుంది. అలాంటప్పుడు "కారణం ఇంకా తెలియదు" అంటే సరిపోయేది. ఆ ఒక్క తొందరపాటుతో, ఆ తర్వాత మీరు చెప్పిన నిజాల మీద కూడా జనానికి నమ్మకం సడలింది.

అందుకే కింది అంశాలు. వీటిలో ఎక్కువ శాతానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు.

1. పులి కదలిక అదే రోజు సాయంత్రంలోగా ఊరికి చెప్పాలి.

అడుగుల ముద్ర దొరికినా, కెమెరాలో పడినా, పశువును చంపినా ఆ సమాచారం బీట్ ఆఫీసరు నుంచి రేంజి ఆఫీసుకు, అక్కడి నుంచి డివిజనుకు వెళ్తుంది. ఊరికి మాత్రం రెండు మూడు రోజుల తర్వాత, అదీ పేపర్లో చదివితే తెలుస్తుంది. ఈలోగా వాట్సాప్‌లో ఎక్కడిదో వీడియో మన ఊరిదని తిరుగుతుంది. మాకు కావాల్సింది నాలుగే ముక్కలు: ఏ ఊరి శివారు, ఏ వైపు, ఎప్పటి ముద్ర, ఎటు పోతోంది. కెమెరా ఫోటో అయితే కార్డు తీసిన తేదీ చెబితే లాభం లేదు, ఫోటో మీద పడ్డ తేదీ, గంట చెప్పాలి. నాలుగు రోజుల కిందటి ఫోటోను ఈరోజు హెచ్చరికగా చెబితే జనం పులి లేని చేను మానేసి పులి ఉన్న వాగులోకి దిగుతారు.

సెల్ సిగ్నల్ అందని గూడేలు చాలా ఉన్నాయి. అక్కడ పంచాయతీ మైకు, అదీ లేకపోతే డప్పు చాటింపు. తెలుగులో ఒకసారి, గోండిలో ఒకసారి. గ్రామ పటేల్‌కు, ఆశా కార్యకర్తకు, బడి పంతులుకు విడిగా ఫోను చేస్తే ఇంకా మంచిది.

పులి వెళ్లిపోయిందన్న మాట కూడా అంతే ముఖ్యం. అది చెప్పకపోవడం వల్లే రెండు రకాల నష్టం జరుగుతోంది. భయస్తులు పదిహేను రోజులు చేనికి పోక పత్తిని నేలపాలు చేసుకుంటున్నారు. ధైర్యస్తులు మూడో రోజే "ఏమీ లేదులే" అని వెళ్తున్నారు.

చోటు బయటపెడితే వేటగాళ్లకు తెలుస్తుందని మీరు అంటారు. ఆ భయం నిజమే. గుహ ఎక్కడుంది, పిల్లల్ని ఎక్కడ పెట్టింది, ఏ కెమెరా ఏ చెట్టుకుంది అన్నవి మాకు చెప్పొద్దు. ఊరి శివారు, దిక్కు చెప్పండి చాలు. ఆ మాత్రం వేటగాడికి ఎలాగూ తెలుసు, తెలియనిది కూలికి పోయే ఆడవాళ్లకే.

2. దాడి చేసిన పులి ఏదో తేల్చి, తేల్చిన తీరు చూపించాలి.

ప్రతి పులికీ చారలు వేరుగా ఉంటాయి. దేశంలో కెమెరాకు చిక్కిన పులుల ఫోటోలన్నీ జాతీయ స్థాయిలో ఒకచోట భద్రపరుస్తారు. కాబట్టి మన దగ్గరికి వచ్చిన పులి ఏ అడవిలో పుట్టిందో చాలాసార్లు చెప్పవచ్చు. అక్కడ చిన్నతనంలో తీసిన ఫోటో, ఇక్కడ తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి గ్రామసభలో చూపించండి. పక్కటెముకల మీది చారలు పోల్చడం పది నిమిషాల్లో ఎవరికైనా అర్థమవుతుంది. లారీల పుకారు చావడానికి అంతకన్నా మందు లేదు.

2020 మరణాల తర్వాత, 2021 జనవరిలో, బెజ్జూరు వైపు అడవుల్లో ఎరలు కట్టి, మత్తుమందు బృందాలను దింపి వెతికారు. పులి చిక్కలేదు, ఆపరేషన్ ఆగింది. అప్పటికి కొన్ని నెలల ముందే, 2020 అక్టోబరులో, సరిహద్దు అవతల రాజురాలో మనుషులను చంపిన పులిని మహారాష్ట్ర అటవీ శాఖ పట్టుకుంది. అక్కడ పట్టుకోగలిగారు, ఇక్కడ ఎందుకు ఆపారు? సరైన కారణమే ఉండొచ్చు. మనిషి అలికిడి లేని అడవిలోకి పులి వెనక్కి వెళ్లిపోతే తరమకపోవడమే మంచిది కూడా. ఆ కారణం మా ఊళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఊళ్ల దగ్గరికి వచ్చిన పులి విషయంలో ఎలా నడుచుకోవాలో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమావళి ఉంది. అందులో వెంటనే కమిటీ వేయాలని, దానిలో పశువైద్యుడితో పాటు స్థానిక పంచాయతీ ప్రతినిధి, స్థానిక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఉండాలని రాసి ఉంది. మా పంచాయతీల నుంచి ఎవరెవరు ఆ కమిటీల్లో కూర్చున్నారో, ఏం తీర్మానించారో తేదీలతో బయటపెట్టండి. కమిటీ వేయకపోతే ఈ సీజనుకు ఇప్పుడే వేయండి.

3. పశువు చచ్చిన మొదటి 24 గంటలు.

మా ఉద్దేశంలో మొత్తం వ్యవహారం ఇక్కడే తేలుతుంది. మనిషి చనిపోతే మంత్రులు వస్తారు, పది లక్షల పరిహారం వస్తుంది. పశువు చచ్చినప్పుడు ఎవరూ రారు, కానీ విషం పుట్టేది ఆ రోజే.

ఎలా జరుగుతుందో వరసగా చెబుతాం. సాయంత్రం మంద తిరిగొచ్చేసరికి ఒక ఎద్దు లేదు. కాపరి మర్నాడు పొద్దున వెతికితే వాగు పక్కన పొదల్లో దొరుకుతుంది. గొంతు దగ్గర కోరల గాట్లు, ఈడ్చుకుపోయిన చార, వెనక తొడల దగ్గర తిన్న గుర్తు. పులి మామూలుగా వెనక భాగం నుంచి మొదలుపెడుతుంది, చిరుత ఎక్కువగా కడుపు, రొమ్ము వైపు నుంచి. ఈ ఆధారాలన్నీ మొదటి రోజే స్పష్టంగా ఉంటాయి. బీట్ ఆఫీసరు వచ్చినా పశువైద్యుడు రావాలి, ఆయనకు రెండు మూడు మండలాల బాధ్యత. మూడో రోజు ఆయన వచ్చేసరికి కుక్కలు, పందులు పీకి, ఎండకు కుళ్లి, గొంతు ఏదో కడుపు ఏదో తెలియదు. కాగితం మీద "పులి చంపినట్టు ఆధారం లేదు" అని పడుతుంది. రైతుకు ఎద్దూ పోయింది, పరిహారమూ పోయింది.

ఈలోగా ఇంకో సంగతి. పులి ఒక రాత్రిలో మొత్తం పశువును తినలేదు. పక్కనే పడుకుని మూడు నాలుగు రోజులు తిరిగొస్తుంది. కళేబరాన్ని లాగేస్తే ఆకలికి ఇంకో పశువును పట్టుకుంటుంది. వదిలేస్తే, కడుపు మండిన మనిషి ఎవరైనా పత్తికి కొట్టే మందు డబ్బా పట్టుకుని వెళ్లడానికి అంతే సమయం దొరుకుతుంది. ఆ విషం ఒక్క పులితో ఆగదు. పిల్లలున్న తల్లి అయితే పిల్లలు, ఆ తర్వాత నక్కలు, ఆ తర్వాత పెంచికల్‌పేట్ పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టుకున్న రాబందులు. విషం పెట్టడం నేరమే, దాన్ని మేం సమర్థించం. కానీ ఎద్దు పోయిన రోజే అధికారి వచ్చి కాగితం చేతిలో పెట్టి ఉంటే ఆ చేయి డబ్బా వైపు పోయేది కాదు.

కాబట్టి అడుగుతున్నాం:

కబురు అందిన రోజే, చీకటి పడేలోగా బీట్ ఆఫీసరు రావాలి. పశువైద్యుడు ఆరోజు రాలేకపోతే, గొంతు గాట్లు, గాట్ల మధ్య కొలత, ఈడ్చిన చార, తిన్న భాగం, చుట్టూ అడుగులు, పశువు చెవి పోగు నంబరు ఫోటోలు తీసి పంపితే దాని మీదే ధ్రువీకరించే అధికారం ఆయనకు ఇవ్వాలి. పంచనామా నకలు అక్కడే రైతుకు ఇవ్వాలి. ఏడు రోజుల్లో కనీసం సగం సొమ్ము ఖాతాలో పడాలి. కళేబరం దగ్గర కెమెరా పెట్టి, పులి తిని వెళ్లిపోయేదాకా ఇద్దరు కాపలా ఉండాలి. ఆ కాపలా ఊరివాళ్లకే అప్పగించి కూలి ఇస్తే విషం పెట్టనిచ్చేది ఎవరు?

జత ఎద్దుల్లో ఒకటి పోతే రెండోది అరకకు, బండికి పనికిరాదు. దాని జోడు కుదిరే ఎద్దు దొరకాలంటే సంతలన్నీ తిరగాలి. పరిహారం ఒక్క పశువు ధరతో లెక్కగట్టే పద్ధతి మారాలి. ఇంకొకటి, అడవి హద్దు లోపల చస్తే పరిహారం ఉందా లేదా అన్నది ఊరికో రకంగా నోటిమాటగా చెబుతున్నారు. ఏది నియమమో ఒక పేజీలో తెలుగులో రాసి ప్రతి పంచాయతీ గోడ మీద అంటించండి.

4. పత్తి చేనులో భద్రత.

2024లో దాడి తర్వాత తల వెనక్కి పెట్టుకునే మాస్కులు పంచారు. పులి వెనక నుంచి వస్తుంది కాబట్టి ముఖం చూస్తే ఆగుతుందన్నది ఆలోచన. సుందర్‌బన్స్‌లో 1980లలో మొదలైన ఉపాయం అది. అక్కడ పడవ దిగి నిలబడి నడిచేవాళ్లకు అది కొంత పనిచేసిందంటారు. పత్తి ఏరే మనిషి నడుం వంచి ఉంటుంది. తల వంగినప్పుడు వెనక ఉన్న మాస్కు ఆకాశం వైపు చూస్తుంది, వెనక నుంచి వచ్చే పులికి కనిపించదు. పైగా చెమటకు జారి, రబ్బరు తెగి, మూడో రోజుకు చెట్టుకు వేలాడుతుంది. ఇచ్చేముందు ఒక్క పూట ఎవరైనా పత్తి సాలులో నిలబడి చూసి ఉంటే ఇది తెలిసేది.

పొద్దున 10 తర్వాత వెళ్లి 4 లోపు రమ్మన్నారు. ప్రాణానికి మంచిదే. కానీ పత్తి ఏరే కూలి కిలోల లెక్కన. ఆరు గంటల పనిలో, అందులో బువ్వ తినే వేళ పోను, చల్లపూట ఏరే కిలోలు పోతాయి. కూలీలు తక్కువ గంటలకు రామంటారు, ఏరుడు వారాలు సాగుతుంది, ఈలోగా ఒక్క వాన పడితే దూది రంగు మారుతుంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కేంద్రంలో తీసుకోరు. 2025-26లో క్వింటాలుకు మద్దతు ధర 8,110 రూపాయలని కాగితం మీద ఉన్నా అలాంటి పత్తి దళారికే పోయింది. ఆంక్ష పెట్టిన రోజులకు కూలి నష్టం ఎంతో లెక్కగట్టి ఇవ్వాలి. లేకపోతే ఆ ఆంక్షను ఎవరూ పాటించరు, పాటించలేదు కూడా.

పనికొచ్చేవి ఇవి. అడవి ఆనుకుని ఉన్న చేలల్లో గెట్టు నుంచి 15, 20 మీటర్ల మేర పత్తి, కంది కాకుండా సోయా వేయించండి. సోయా అక్టోబరుకే కోతకొస్తుంది, నవంబరు నాటికి ఆ పట్టీ బోడిగా ఉంటుంది, పులి చాటు లేకుండా దాన్ని దాటి రాదు. ఆ పట్టీలో తగ్గే రాబడిని శాఖ భరించాలి. గెట్ల మీద పొదలు దసరాకు ముందే కొట్టించాలి. ఏరుడు మొదలయ్యే ముందు ఊరి వైపు నుంచి అడవి వైపుగా పళ్లేలు, డప్పులు మోగిస్తూ అందరూ ఒక వరసలో చేను దాటాలి. అడవి వైపు దారి ఎప్పుడూ మూయకూడదు. చుట్టూ మూగితే పులికి పోయే దారి లేక మీద పడుతుంది. ఏరేటప్పుడు పది మందికి ఒకరు వంగకుండా మంచె మీద కాపలా ఉండాలి. ఆ ఒకరి రోజు కూలి రైతు మీద, కూలీల మీద పడకుండా శాఖ ఇవ్వాలి.

5. కరెంటు తీగలు.

అడవి పందుల కోసం కొందరు మోటారు లైను నుంచి నేరుగా తీగ లాగుతున్నారు. 2025 మేలో పెంచికల్‌పేట్ అడవిలో ఆడపులి అలాంటి తీగకే చచ్చింది. మనుషులూ చస్తున్నారు, రాత్రి నీళ్లు పెట్టడానికి పోయినవాళ్లు. కేసులు పెట్టడం మీ పని, పెట్టండి. దాంతోపాటు పందులకు దారి చూపండి.

సోలార్ కంచె తీగలో వేల వోల్టులున్నా అది సెకనుకోసారి రెప్పపాటు కన్నా తక్కువసేపు కొట్టి వదులుతుంది, పంది బెదిరి పోతుంది, ప్రాణం పోదు. అయితే పంచి చేతులు దులుపుకుంటే ఫలితం ఉండదు. కలుపు పెరిగి కింది తీగకు తగిలితే కరెంటంతా నేలలోకి పోతుంది. ఎర్తు కడ్డీలు ఎండిన నేలలో దిగ్గొడితే దెబ్బ తగలదు. బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాలి. రైతుకొకటి ఇస్తే పంది పక్క చేనికి పోతుంది, పక్కవాడు మళ్లీ తీగే పెడతాడు. అందుకే అడవి అంచున వరసగా ఉన్న చేలన్నిటికీ కలిపి ఒకే కంచె, దానికి వోల్టు మీటరు చేతిలో ఉన్న ఒక ఊరి కుర్రాడు, వాడికి నెల జీతం. ఈ పద్ధతిలో ఇవ్వండి.

6. ట్రాకర్లు, స్పందన దళాలు.

అడుగు చూసి మగదో ఆడదో, రాత్రిదో పొద్దుటిదో చెప్పగలిగే కుర్రాళ్లు మా గూడేల్లోనే ఉన్నారు. శాఖ ట్రాకర్లుగా పెట్టుకున్నదీ వాళ్లనే. వాళ్ల జీతం ప్రతి నెలా మొదటి వారంలో ఇవ్వాలి, బూట్లు, టార్చి, బీమా ఇవ్వాలి. చంద్రపూర్ జిల్లాలో ఊరి యువకులతో ప్రాథమిక స్పందన దళాలు పనిచేస్తున్నాయి. పులి వచ్చిందనగానే జనం మూగకుండా చూసేది వాళ్లే. తాడోబా బఫర్‌లోని (రిజర్వు చుట్టూ ఉన్న అడవిలోని) సీతారాంపేట్ అంచున పులిని గుర్తుపట్టి ఊరికి హెచ్చరిక పంపే కెమెరాలు పెట్టారు. దాడులు జరిగిన మండలాల్లో ముందుగా అవి కావాలి.

7. తునికాకు, ఇప్పపువ్వు.

నవంబరు దాటితే ప్రమాదం పోయిందనుకోవద్దు. మార్చి, ఏప్రిల్లో ఇప్పపువ్వుకు తెల్లారకముందే వెళ్తారు, మేలో తునికాకుకు. రెండూ వంగి చేసే పనులే. 2025 మేలో చంద్రపూర్ జిల్లాలో తునికాకుకు పోయిన ముగ్గురు ఆడవాళ్లు ఒక్క రోజే పులి దాడిలో చనిపోయారు. తునికాకు యూనిట్లలో కోత మొదలయ్యేముందే పులి తిరిగే కంపార్ట్‌మెంట్ల (శాఖ విడదీసిన అడవి ముక్కల) పేర్లు చెప్పి, వాటికి బదులు వేరే చోటు చూపించండి.

8. మహారాష్ట్రతో మాట.

అక్కడి పులి నది దాటిన రోజే ఇక్కడి రేంజికి ఫోటోతో సహా కబురు రావాలి. ఒకవేళ వస్తుంటే, అది ఊరి దాకా రావాలి.

9. రిజర్వు ప్రకటన, జీవో 49.

2025 మే 30న వచ్చిన జీవో 49తో ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ డివిజన్లలో సుమారు 3.69 లక్షల ఎకరాలను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. 339 గ్రామాల మీద దాని ప్రభావం ఉంటుందని పత్రికల్లో చదివాకే మాకు తెలిసింది. ఆదివాసీ సంఘాలు బంద్ చేశాక జూలైలో దాన్ని నిలిపివేశారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఎ సెక్షను, స్థానిక ప్రజలతో సంప్రదించిన తర్వాతే కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించాలంటుంది. 36బి సెక్షను, ఆ రిజర్వు పరిధిలోని ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి కమిటీలో ఉండాలంటుంది. అంటే చట్టమే మమ్మల్ని పక్కన కూర్చోబెట్టమంటోంది. ఆ చట్టం ప్రకారం ముందు అడిగి ఉంటే, ఇది టైగర్ రిజర్వు లాంటిది కాదని, ఇందులో ఊళ్లు లేపడం ఉండదని మీరే వివరించి ఉంటే, సగం వ్యతిరేకత ఉండేది కాదేమో. ఇప్పుడు ఆ మాట చెప్పినా వినే స్థితిలో జనం లేరు.

మళ్లీ ఆ ప్రతిపాదన కదిలించదలిస్తే: ముందు అటవీ హక్కుల చట్టం కింద పెండింగులో ఉన్న పోడు దరఖాస్తులు, సామూహిక హక్కుల దరఖాస్తులు తేల్చండి. పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) ప్రకారం గ్రామసభలు పెట్టండి. సర్వే నంబర్లతో, వాగులు గుట్టల పేర్లతో మ్యాపు తెలుగులో ఇవ్వండి. మేత, ఇప్పపువ్వు, తునికాకు, దేవుడి గుట్టలకు పోయే దారులు, వీటిలో ఏది ఉంటుంది ఏది పోతుంది అన్నది వాక్యం వాక్యంగా రాయండి. గ్రామసభ తీర్మానం వచ్చేదాకా హద్దురాళ్లు పాతకండి. పాస్‌బుక్ ఉన్న రైతుకూ లేని రైతుకూ చేనులో పులి ఒకటే కాబట్టి, పోడు పట్టా లేదన్న సాకుతో పశువు పరిహారం, కంచె, మంచె కాపలా కూలి ఆపకండి.

10. తప్పు ప్రకటన సరిదిద్దే పద్ధతి.

పులి చచ్చినా, మనిషి చచ్చినా మొదటి రోజు ప్రకటనలో తెలిసినవి, తెలియనివి వేరువేరుగా రాయండి. పరీక్షల ఫలితం వచ్చాక అదే ఊళ్లో, అదే మైకులో, మొదట చెప్పింది తప్పయితే తప్పని చెప్పండి. 2024 జనవరి నాటి రెండు పులుల చావు మీద జరిగిన విచారణ సారాంశంతో ఇది మొదలుపెట్టవచ్చు.

ఈ పదింటిలో మొదటి, మూడో, నాలుగో అంశాలు పత్తి పగిలేలోగా అమల్లోకి రావాలి. ఆగలేనివి అవే. తొమ్మిదో దానికి నెలలు పడుతుందని మాకూ తెలుసు. మిగతావాటికి ఎవరు బాధ్యులో, ఎప్పటిలోగా చేస్తారో పేరు, తేదీ రాసి ఇవ్వండి.

మా వైపు నుంచి కూడా రాసి ఇస్తాం. పశువు చస్తే కళేబరం ముట్టం, ఎవరినీ ముట్టనివ్వం, గంటలోపు కబురు చేస్తాం. తీగలు పెట్టినవారిని ఊరి పంచాయతీలో నిలబెడతాం. పులి కనబడితే మూగం, సెల్‌ఫోన్ పట్టుకుని వెంటపడే కుర్రాళ్లను ఆపుతాం. ఇవన్నీ మీరు చెప్పాలని ఎదురుచూడకుండా కొన్ని ఊళ్లు ఇప్పటికే చేస్తున్నాయి.

జవాబు కాగితం మీద ఇవ్వండి. దాన్ని బాధ్యత గల అధికారి స్వయంగా వచ్చి, సంత లేని రోజు చూసి, కాపరులు కూడా ఉండేలా సాయంత్రం పూట గ్రామసభలో చదివి వినిపించాలి. గోండి, కొలామీ తెలిసిన ఉద్యోగిని వెంట తీసుకురండి. ఏ అంశం కుదరదో దాని పక్కన కారణం రాయండి, మేం చదువుకుని మళ్లీ మాట్లాడతాం.

ఇట్లు,
కాగజ్‌నగర్, సిర్పూర్ (టి), పెంచికల్‌పేట్, దహెగాం, బెజ్జూరు, వాంకిడి మండలాల అడవి అంచు ఊళ్ల పత్తి రైతులు, కూలీలు, పశువుల కాపరులు